నాన్న పోయాక ముఖాలు గీయలేకపోతున్నాను, చెట్టు బెరడు మాత్రం గీస్తున్నాను. ఇది పారిపోవడమేనా?

బొగ్గుముక్క అడిగిన ప్రశ్న:

నేను పోర్ట్రెయిట్లు వేస్తాను. చాలా ఏళ్లుగా అదే నా పని, నాకు తిండి పెట్టేదీ అదే. ఎక్కువగా చార్‌కోల్, అప్పుడప్పుడు పెన్సిల్. నాన్న పోయి ఏడాది కావస్తోంది. అప్పటి నుంచి ముఖం గీయడానికి చేయి రావడం లేదు. ఒప్పుకున్న రెండు ఆర్డర్లు వెనక్కి ఇచ్చేశాను.

నాన్న సివిల్ డ్రాఫ్ట్స్‌మన్. కంప్యూటర్లు రాకముందు, వాలు బల్ల మీద టీ స్క్వేర్ పెట్టి ఇళ్ల ప్లాన్లు గీసిన తరం. చిన్నప్పటి నుంచి నా పెన్సిళ్లన్నీ ఆయనే చెక్కేవారు. షార్పెనర్ అంటే ఆయనకు గిట్టదు. బ్లేడుతో చెక్కను పొడుగ్గా వాలుగా తీసి, గ్రాఫైట్‌ను బాగా బయటికి వదిలి, చివర్లో శాండ్‌పేపర్ మీద తిప్పుతూ రుద్దేవారు. అలా చెక్కిన పెన్సిల్‌ను పడుకోబెట్టి లాగితే వెడల్పాటి నీడ పడుతుంది, నిలబెడితే వెంట్రుక మందం గీత వస్తుంది. ఒకే పెన్సిల్‌తో రెండు పనులూ అవుతాయి. ఆస్పత్రికి వెళ్లేముందు ఆయన చెక్కిపెట్టినవి నా దగ్గర ఒక డబ్బాలో ఉన్నాయి, గట్టి 4హెచ్ నుంచి మెత్తటి 6బీ దాకా. వాడితే ఆ మొనలు అరిగిపోతాయి. అందుకని మూత తీసి చూస్తాను, మళ్లీ పెట్టేస్తాను.

ఇంట్లో అందరూ నాన్న బొమ్మ వేయమన్నారు. ఆర్టిస్టువి నువ్వుండగా ఫొటో ఎందుకన్నారు. కూర్చున్నాను. నేను కళ్ల దగ్గర మొదలుపెడతాను. ఎడమ కంటి కింది రెప్ప గీశాక పాపలో మెరుపు పెట్టాలి కదా, ఫొటోలో ఆ మెరుపు కెమెరా ఫ్లాష్‌ది. నిజంగా ఆయన కంట్లో మెరుపు ఎక్కడ పడేదో ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. అన్నేళ్లు ఎదురుగా కూర్చున్న మనిషి. ఆ కాగితం అక్కడే ఆగిపోయింది.

ఆ తర్వాత ఇంట్లో ఉండలేక నడవడం మొదలుపెట్టాను. దారిలో ఒక ముసలి చెట్టు ఉంది. ఒకరోజు దాని కింద కూర్చుని ఊరికే బెరడు గీశాను. పగుళ్లు నిలువునా సాగి, ఒకచోట రెండుగా చీలి, కిందికి వెళ్లి మళ్లీ కలుస్తాయి. మధ్యలో మిగిలిన ముక్క కోలగా ఉంటుంది. దాని మీద బూడిద ఆకుపచ్చ లైకెన్ మచ్చలు, అంచులు లేతగా, మధ్య ముదురుగా. ఎప్పుడో కొమ్మ కొట్టేసిన చోట చుట్టూ ఉబ్బిన అంచు ఒకటి ఉంది, పెదవిలా మడత తిరిగి. పోర్ట్రెయిట్ వేసే చేయి కదా, దాన్ని వదల్లేకపోయాను. ఇప్పుడు వీలున్నప్పుడల్లా అక్కడికే వెళ్తున్నాను. ఇంకేమీ గీయడం లేదు.

నా గోల ఏమిటంటే, ఈ బొమ్మలు చూసినవాళ్లు ‘ఇందులో మీ నాన్న కనిపిస్తున్నారు’ అంటున్నారు. నేను పెట్టలేదు. ఒక ఫ్రెండ్ అయితే కొమ్మల మధ్య ఆయన ముఖం లీలగా వచ్చేలా వేయమంది, గ్రూప్ షోలో బాగా అందుతుందట. మంచి మనసుతోనే అంది. కానీ నాకు ఒళ్లు మండింది, ఎందుకో సరిగా చెప్పలేను.

నేను ముఖాల నుంచి పారిపోయి చెట్టు చాటున దాక్కుంటున్నానా? ఈ బెరడు బొమ్మల్ని పని అనొచ్చా, లేక పొద్దు గడపడమేనా? ఇంకొకటి, మీకు చిన్న విషయం అనిపించవచ్చు. ఆ పెన్సిళ్లు ఏం చేయమంటారు?

తడికాగితం జవాబు:

చివరి ప్రశ్న చిన్నదేమీ కాదండి. దాని దగ్గరికి వస్తాను.

నేను నీటిరంగుల మనిషిని. అమ్మ పోయాక చాలాకాలం మబ్బులు తప్ప ఏమీ వేయలేదు. అప్పట్లో నన్ను నిలబెట్టింది జాన్ కాన్‌స్టబుల్. ఇంగ్లీషు పల్లె దృశ్యాల చిత్రకారుడిగా అందరికీ తెలుసు. 1815 మార్చిలో ఆయన తల్లి పోయింది. ఆ ఏడాదే ఆయన పుట్టింటి మేడ కిటికీలోంచి కనిపించే తోటను రెండు బొమ్మలు వేశాడు. ఒకటి పూలతోట, ఇంకొకటి కూరగాయల తోట. చిన్న బొమ్మలు, ఒక్కోటి సుమారు 33 సెంటీమీటర్ల ఎత్తు, 51 సెంటీమీటర్ల వెడల్పు. పూలతోట బొమ్మలో ముందున్న గడ్డి మీద నీడ పరుచుకుని ఉంటుంది. దూరంగా పొలాలు మాత్రం ఎండలో ఉంటాయి. మడులు, దడులు, కొట్టాలు, అన్నీ ఉన్నవి ఉన్నట్టే. తల్లి కోసం అని ఎక్కడా సంకేతం పెట్టలేదు. మరుసటి ఏడాది మే నెలలో తండ్రి కూడా పోయాడు. కారణం ఇదే అని నేను కాన్‌స్టబుల్ తరఫున చెప్పను. నాకు కావలసింది ఒక్కటే: ఆ ఏడాది ఆ మనిషి కిటికీ దగ్గర కూర్చుని ఒక్కో మడినీ అంత ఓపికగా చూశాడు.

మీ ఫ్రెండ్ సలహాకి మీకు ఎందుకు మండిందో నాకు అర్థమైంది అనుకుంటున్నాను. కొమ్మల్లో ముఖం పెట్టగానే చూసేవాళ్లు ముఖాన్ని వెతికి పట్టుకుంటారు, ‘ఆహా’ అంటారు, వెళ్లిపోతారు. బెరడును ఎవరూ చూడరు. మీ నాన్నను కూడా చూడరు, ఒక కిటుకును చూస్తారు. ఆ పగుళ్లు రెండుగా చీలి మళ్లీ కలవడం మీరు చూసి రాశారు చూడండి, అది ఎవరి దగ్గర నేర్చుకున్న చూపు? డ్రాఫ్ట్స్‌మన్ ఇంట్లో పెరిగినవాళ్లకు గీత ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో పట్టింపు ఉంటుంది. చూసినవాళ్లకు ఆయన కనిపించారంటే అందువల్ల కావచ్చు. మీరు పెట్టలేదన్నది కూడా నిజమే.

ఇక పని సంగతి. కాన్‌స్టబుల్ 1821, 1822లో లండన్ పక్కన హ్యాంప్‌స్టెడ్‌లో ఉంటూ బోలెడు మబ్బుల స్టడీలు వేశాడు. చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి ఎటు వీస్తోందో రాసి పెట్టాడు. నేను దాన్నే అనుకరించాను, మీకూ అదే చెబుతాను. మీకైతే ఇంకా సొంతమైన పద్ధతి ఒకటి ఇంట్లోనే ఉంది. నాన్నగారి ప్లాన్లకు కింద కుడి మూల టైటిల్ బ్లాక్ ఉంటుంది కదా, స్కేలు, తేదీ, ఉత్తరం గుర్తు. ఆ చెట్టును ఆ పద్ధతిలో గీయండి. దూరం నుంచి ఎలివేషన్ ఒకటి, దగ్గర్నుంచి డీటెయిల్ ఒకటి. ఎండ ఎటు నుంచో రాయండి. అదే బెరడు మధ్యాహ్నం ఎండ నెత్తిన ఉన్నప్పుడు చదునుగా ఉంటుంది, సాయంత్రం పక్క వెలుగులో ప్రతి పగులుకూ లోతు వస్తుంది. చార్‌కోల్ మనిషికి సాయంత్రమే పండగ, కానీ ఆ చదును వేళ కూడా వదలొద్దు. నీడ సాయం లేకుండా రూపం చెప్పడం అప్పుడే వస్తుంది.

పెన్సిళ్లు: ఒకటి అలాగే ఉంచుకోండి. ఏది ఉంచాలో మీకే తెలుస్తుంది. మిగతావి వాడండి. మొన అరిగాక ఆయన చెక్కినట్టే మీరూ బ్లేడు పట్టి చెక్కండి. ఆ చెక్కుడు మీ చేతికి రావాలి కదా, లేకపోతే డబ్బాలోనే ఆగిపోతుంది.

నూనెదీపం జవాబు:

నేను కాస్త అడ్డం చెబుతాను, ఏమీ అనుకోకండి. చెట్టు మంచిదే. కానీ ముఖం తలుపు పూర్తిగా మూసేయకండి.

నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ సంగతి చూడండి. ఐదేళ్ల వయసులో, 1868లో తల్లి క్షయతో పోయింది. 1889 నవంబరులో తండ్రి పోయేటప్పటికి తను ఫ్రాన్స్‌లో ఉన్నాడు, అంత్యక్రియలకు అందుకోలేకపోయాడు. 1890లో ‘నైట్ ఇన్ సెయింట్ క్లౌడ్’ వేశాడు. చీకటి గది, కిటికీ పక్కన టోపీతో ఒక మనిషి, నేల మీద కిటికీ చువ్వల నీడ శిలువ ఆకారంలో పడి ఉంటుంది. ఆ మనిషి తండ్రి కాదు, ఒక స్నేహితుణ్ని కూర్చోబెట్టి వేశాడు. ఇంకా గట్టి ఉదాహరణ ఆయన అక్క సోఫీ. 1877లో ఆమె పోతే ‘ది సిక్ చైల్డ్’ మొదలుపెట్టింది 1885లో. అన్నేళ్లు పట్టింది. ఆ తర్వాత దశాబ్దాల పాటు మళ్లీ మళ్లీ వేశాడు, మొత్తం ఆరు పెయింటింగులు. మొదటిదాంట్లో రంగును ఎంత గీకాడో ఆ గీతలు ఇప్పటికీ కనిపిస్తాయి.

అంటే ఆలస్యం తప్పు కాదు. ఇంట్లోవాళ్లు అడిగారని ఇప్పుడే వేయనక్కర్లేదు. కానీ ఆ కన్ను గీసిన కాగితం చించకండి. ఫొటో పక్కన పెట్టి, గుర్తున్న దాన్ని గీయండి. బ్లేడు పట్టిన చేయి గుర్తుంది కదా మీకు? పోర్ట్రెయిట్ అంటే ముఖమే అని ఎవరన్నారు?

వినేమనిషి జవాబు:

పోయినవాళ్ల కోసం బాధపడుతున్న కుటుంబాలతో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. బొమ్మల గురించి నాకు తెలియదు, ‘పారిపోవడమా’ అన్న మాట గురించి మాత్రం చెబుతాను.

మార్గరెట్ స్ట్రోబ్, హెంక్ షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లో ఒక నమూనా ప్రతిపాదించారు. దుఃఖంలో ఉన్న మనిషి రెండు వైపుల మధ్య ఊగుతూ ఉంటాడని దాని సారం. ఒకవైపు పోయిన మనిషి, జ్ఞాపకాలు, ఏడుపు. ఇంకోవైపు మారిన బతుకు, కొత్త పనులు, బాధ నుంచి కాసేపు సెలవు. ఈ సెలవు కూడా ఆ ప్రక్రియలో భాగమే. ఎప్పుడూ ఒకవైపే ఉండిపోతే ఇబ్బంది. మీరు డబ్బా మూత తీసి చూస్తున్నారు, చెట్టు దగ్గరికీ వెళ్తున్నారు. ఊగుతున్నారు. నాకు ఇందులో పారిపోవడం కనిపించలేదు.

అయితే ఒక మాట స్పష్టంగా చెప్పాలి. చాలా నెలలు గడిచినా దాదాపు రోజూ తట్టుకోలేనంత తపన, ఆయన పోయారన్నది మనసు ఒప్పుకోకపోవడం, ఎవరితోనూ కలవలేకపోవడం, బతుకుకు అర్థం లేదనిపించడం ఉంటే దాన్ని ‘ప్రొలాంగ్డ్ గ్రీఫ్ డిజార్డర్’ అంటారు. పెద్దవాళ్ల విషయంలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణ ఐసీడీ-11 కనీసం ఆరు నెలలు అంటుంది, 2022లో వచ్చిన అమెరికా సైకియాట్రిస్టుల డీఎస్ఎమ్-5-టీఆర్ కనీసం ఏడాది అంటుంది. నెలలు లెక్కపెట్టుకుని భయపడమని కాదు. నిద్ర, తిండి, పని మూడూ చెడిపోయి తేరుకోకపోతే, చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే, ఆ రోజే డాక్టరుతో మాట్లాడాలి. ఆర్డర్లు వెనక్కి ఇచ్చానన్నారు కాబట్టి అడుగుతున్నాను, నిద్ర ఎలా ఉంది? మీతో మాట్లాడే మనిషి ఎవరైనా ఉన్నారా?

వేరుమూలం జవాబు:

చెట్ల సంరక్షణ నా వృత్తి. కొమ్మ కొట్టేసిన చోట ఉబ్బిన అంచు అన్నారు కదా, దాన్ని వుండ్‌వుడ్ అంటారు, గాయం అంచున పెరిగే కలప. గీసే మనిషికి పనికొస్తుందని అది ఎలా ఏర్పడుతుందో చెబుతాను. ఓదార్పు మాటగా మాత్రం తీసుకోకండి.

మన చర్మంలో దెబ్బ తగిలిన చోట కొత్త కణాలు వచ్చి పాతవాటి స్థానంలో చేరతాయి. చెట్టులో అలా జరగదు. దెబ్బ తగిలినప్పుడు ఉన్న కలప అలాగే లోపల ఉండిపోతుంది, బాగుపడదు. చెట్టు దాని చుట్టూ రసాయనాల గోడలు కట్టి, కుళ్లు బయటికి పాకకుండా అడ్డుకుంటుంది. తర్వాత పుట్టిన కొత్త కలప దాని మీదుగా పెరుగుతుంది. అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షైగో వేలాది చెట్లను నిలువునా చీల్చి చూసి 1970లలో దీన్ని వివరించాడు. కాబట్టి మీరు చూస్తున్న ‘పెదవి’ కింద పాత గాయం ఎలా ఉందో అలాగే ఉంది. ఆ అంచు మీద బెరడు చెట్టు తక్కిన బెరడు కంటే వయసులో చిన్నది, అందుకే నునుపుగా, పగుళ్లు తక్కువగా ఉంటుంది. షేడింగ్‌లో ఆ తేడా చూపిస్తే చెట్లు తెలిసినవాళ్లు వెంటనే గుర్తుపడతారు.

బొగ్గుముక్క:

అందరికీ ఒకేసారి రాస్తున్నాను. ఇంత ఓపికగా జవాబులిస్తారని అనుకోలేదు.

వినేమనిషి గారూ, నిద్ర మొదట్లో అసలు లేదు, ఇప్పుడు పర్వాలేదు. తింటున్నాను. చెల్లెలు ఉంది, రాత్రిళ్లు ఫోన్‌లో మాట్లాడుకుంటాం, ఎక్కువగా నాన్న గురించే. మీరు చెప్పిన లక్షణాలు చెల్లెలికీ చదివి వినిపించాను. అవసరమైతే ఇద్దరం వెళ్లాలని అనుకున్నాం.

నూనెదీపం గారూ, చేతుల మాట నన్ను పట్టుకుంది. ఆయన ఎడమచేతి బొటనవేలితో బ్లేడు వీపును నెట్టేవారు, కుడిచేయి పెన్సిల్‌ను తిప్పుతుండేది. నాకు అది ఏ ఫొటో లేకుండా కనిపిస్తోంది. ఇంకా గీయలేదు. గీస్తాను. ఇంట్లోవాళ్లకు మాత్రం పోర్ట్రెయిట్ ఇప్పుడు వేయనని చెప్పేశాను, ఫొటో ఫ్రేమ్ కట్టించారు.

తడికాగితం గారూ, 2బీ తీశాను. మొదటి గీతకి గుండె దడదడలాడింది. సాయంత్రానికి మొన మొద్దుబారింది, నేనే చెక్కాను. నా చెక్కుడు పొట్టిగా వచ్చింది, చెక్క మీద బ్లేడు దెబ్బలు మెట్లు మెట్లుగా ఉన్నాయి. ఆయనది ఒక్క లాగుడులో వచ్చినట్టుండేది. 4హెచ్ అలాగే ఉంచుకున్నాను, ఆయనకు అదే ఇష్టం. టైటిల్ బ్లాక్ కూడా గీశాను. స్కేలు, తేదీ, ఉత్తరం, గీసినవారు, సరిచూసినవారు. చివరి గడి ఖాళీగా ఉంది, అలాగే ఉంచుతాను. షోకి ఇవే పంపుతున్నాను, ముఖం ఏదీ లేకుండా. ఫ్రెండ్‌కి కూడా అలాగే చెప్పాను.

వేరుమూలం గారికి ఒక ప్రశ్న. మీరు చెప్పింది చదివి మళ్లీ వెళ్లి చూశాను. నునుపు నిజమే. కానీ ఆ అంచు గాయం చుట్టూ సమానంగా లేదు. రెండు పక్కలా బాగా మందంగా ఉంది, పైనా కిందా దాదాపు లేదు. మధ్యలో ఎండిపోయిన కలప కోలగా బయటికి కనిపిస్తోంది. నేను గీసింది కొలిచి చూశాను, తప్పు గీయలేదు. గుండ్రంగా రావాలి కదా?

వేరుమూలం జవాబు:

మీరు సరిగానే చూశారు. కొమ్మ మాను నుంచి బయలుదేరే చోట మొదట్లో ఉబ్బెత్తుగా ఒక పట్టీ ఉంటుంది, బ్రాంచ్ కాలర్ అంటాం. దాన్ని వదిలి, దానికి బయటగా కోస్తే అంచు చుట్టూ సమానంగా, గుండ్రంగా వస్తుంది. అందంగా ఉండాలని మానుకు ఆనించి చదునుగా కోసేస్తే కాలర్ కూడా పోతుంది. అప్పుడు రెండు పక్కలే పెరుగుతాయి, పైనా కిందా పెరగవు. మీ చెట్టుకు ఎవరో అలా కోశారు. మీ బొమ్మను చూపిస్తే ఆ కోత ఎలా పడిందో మా వాళ్లెవరైనా చెప్పేస్తారు, అంత సరిగా ఉంది మీ పరిశీలన.

అలా కోసిన చోట కుళ్లు లోపలికి తేలిగ్గా వెళ్తుంది. ఈసారి వెళ్లినప్పుడు గాయం కిందా, చెట్టు మొదట్లోనూ పుట్టగొడుగుల్లాంటివి, అరల్లా పొడుచుకొచ్చినవి ఏమైనా ఉన్నాయేమో చూడండి. ఉంటే గీయండి, గీశాక ఆ చెట్టు బాధ్యత ఎవరిదో వాళ్లకు చెప్పండి. పక్కన మనుషులు నడిచే దారి అంటున్నారు కాబట్టి ఆలస్యం చేయకండి.